నొప్పి కోసం ఆగితే పళ్లు మిగలవు: చిగుళ్ల వ్యాధిపై ఒక సమీక్ష

పన్ను పుచ్చితే రాత్రంతా నిద్ర పట్టదు. తెల్లవారగానే పళ్ల డాక్టరు దగ్గరికి పరుగెత్తుతాం. చిగురు పాడైతే అలాంటి బాధ ఏదీ ఉండదు. పళ్లు తోముకునేటప్పుడు ఉమ్మిలో కాస్త ఎరుపు కనబడుతుంది. నోటి నుంచి వాసన వస్తోందని ఇంట్లోవాళ్లు మొహమాటపడుతూ చెబుతారు. పళ్లు మునుపటికంటే పొడుగైనట్టు, సందులు పెరిగినట్టు అనిపిస్తుంది. ఇలా పదేళ్లో పదిహేనేళ్లో గడిచాక ఒకరోజు జామకాయ కొరకబోతే ముందుపన్ను కదులుతుంది. అప్పటికి ఆ పంటిని పట్టి ఉంచిన ఎముక చాలావరకు కరిగిపోయి ఉంటుంది.

ప్రపంచంలో అతి ఎక్కువమందికి ఉన్న జబ్బుల్లో ఇదొకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నోటి ఆరోగ్య నివేదిక ప్రకారం 15 ఏళ్లు దాటినవారిలో దాదాపు 19 శాతం మందికి తీవ్రమైన చిగుళ్ల వ్యాధి ఉంది. అంటే వంద కోట్లకు పైమాటే. మన దేశంలో భారత దంతవైద్య మండలి 2002-03లో జరిపిన జాతీయ సర్వేలో 12 ఏళ్ల పిల్లల్లో 57 శాతం మందికి, 35 నుంచి 44 ఏళ్ల మధ్యవారిలో 89.6 శాతం మందికి చిగుళ్లలో ఏదో ఒక లోపం కనబడింది. కొందరికి రక్తం కారడం, కొందరికి గార పట్టడం, మరికొందరికి చిగురు కింద లోతైన సందులు. నడివయసులో పదిమందిలో తొమ్మిదిమందికి ఉన్నది కాబట్టి అది మామూలే అనుకోవడం సహజం. ఆ అనుకోవడంలోనే ముప్పు ఉంది.

ఈ జబ్బుకు కారణమేమిటో తేలి అరవై ఏళ్లయింది. ఆపే మార్గం తెలుసు, దానికయ్యే ఖర్చూ తక్కువే. అయినా కోట్లమంది పళ్లు ఊడగొట్టుకుంటూనే ఉన్నారు. నొప్పి ఉంటేనే జబ్బు, లేకపోతే ఆరోగ్యం అన్న మన లెక్క ఇక్కడ చెల్లదు. నొప్పికి బదులు రెండు గుర్తులను నమ్ముకోవాలి: ఇంట్లో కనబడే రక్తం, డాక్టరు తీసే మిల్లీమీటర్ల కొలత. ఇంతవరకూ జరిగిన పరిశోధనలను ఒకచోట పెట్టి చూస్తే అవి చెప్పేది ఇదే.

పంటి చుట్టూ జరిగేది

ఆరోగ్యంగా ఉన్న చిగురు లేత గులాబీరంగులో, కొందరిలో నల్లటి మచ్చలతో, పంటి మెడను గట్టిగా పట్టుకుని ఉంటుంది. మన నేలమీద చాలామందికి చిగుళ్లు పుట్టుకతోనే కొంత నల్లగా ఉంటాయి. అది జబ్బు కాదు. పంటికీ చిగురు అంచుకీ మధ్య ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల లోతున సన్నటి సందు ఉంటుంది. దాని అడుగున చిగురు పంటికి అతుక్కుని ఉంటుంది. ఆ కింద పంటి వేరును దవడ ఎముకతో కలిపే నారలు ఉంటాయి.

పళ్లు తోముకున్న కొన్ని గంటల్లోనే సూక్ష్మజీవులు పంటిమీద మళ్లీ చేరడం మొదలుపెడతాయి. అవి ఒకదాన్నొకటి పట్టుకుని, జిగురులాంటి పదార్థంలో ఇమిడి పొరగా ఏర్పడతాయి. దాన్నే మనం పాచి అంటాం. పుక్కిలిస్తే అది పోదు, రుద్దితేనే పోతుంది. రుద్దకుండా వదిలేస్తే ఉమ్మిలోని కాల్షియం, ఫాస్ఫేట్ అందులో చేరి రాయిలా గట్టిపడుతుంది. అదే గార. కింది ముందుపళ్ల లోపలివైపు, పై దవడపళ్ల బుగ్గవైపు గార త్వరగా పట్టడానికి కారణం ఆ చోట్ల లాలాజల గ్రంథుల నాళాలు తెరుచుకోవడమే. గార పట్టిన పంటి పైభాగం గరుకుగా ఉండటంతో కొత్త పాచి దానిమీద మరింత సులువుగా నిలుస్తుంది. ఇక బ్రష్‌తో ఆ గార పోదు.

పాచిని చూసి శరీరం ఊరుకోదు. చిగురులోని రక్తనాళాలు ఉబ్బుతాయి, తెల్లరక్తకణాలు అక్కడికి చేరతాయి. చిగురు ఎర్రబడి, వాచి, తాకితే రక్తం వస్తుంది. ఇది మొదటి దశ. వైద్యులు జింజివైటిస్ అంటారు. ఈ దశలో ఎముకకు నష్టం జరగదు, పాచి తీసేస్తే చిగురు పూర్తిగా మామూలవుతుంది. పోరాటం ఏళ్ల తరబడి సాగితే కొందరిలో చిగురు పంటినుంచి విడిపోయి, సందు నాలుగు, ఆరు, ఎనిమిది మిల్లీమీటర్ల లోతుకు దిగుతుంది. దాన్ని పాకెట్ అంటారు. గాలి చొరని ఆ లోతులో మరింత హానికరమైన జీవులు పెరుగుతాయి. వాటిని తరిమే ప్రయత్నంలో మన రోగనిరోధక వ్యవస్థ విడుదల చేసే రసాయనాలే ఎముకను కరిగించే కణాలను రెచ్చగొడతాయి. ఈ రెండో దశ పేరు పెరియోడాంటైటిస్. మన పెద్దవాళ్లు పయోరియా అని పిలిచింది దీన్నే. ఏటిగట్టున మట్టి కోసుకుపోయిన చెట్టులా పన్ను తనవరకు గట్టిగా, పుచ్చు లేకుండా ఉన్నా నిలబడటానికి ఆధారం పోతుంది. పోయిన ఎముక దానంతట అది తిరిగి రాదు.

ఈ బాధ మనిషికి కొత్తది కాదు. సుశ్రుత సంహిత దంతమూలానికి వచ్చే రోగాలను పదిహేనుగా లెక్కించింది. అందులో శీతాదం అంటే దుర్వాసనతో, మెత్తబడి, రక్తం కారే చిగుళ్లు. దంతవేష్టం అంటే చీమూ రక్తమూ కారుతూ పళ్లు కదలడం. ఈనాటి రెండు దశల వర్ణనకు ఇవి ఎంతో దగ్గరగా ఉన్నాయి. 1683లో డచ్ పరిశీలకుడు ఆంటొనీ వాన్ లీవెన్‌హుక్ తన పంటి పాచినే సూక్ష్మదర్శిని కింద పెట్టి, అందులో కదులుతున్న జీవులను గురించి లండన్‌లోని రాయల్ సొసైటీకి రాశాడు. జబ్బు లక్షణాలూ తెలుసు, సూక్ష్మజీవులూ కనబడ్డాయి. వాటి మధ్య కార్యకారణ సంబంధం మాత్రం ఇరవయ్యో శతాబ్దం దాకా రుజువు కాలేదు.

డెన్మార్క్‌లో మూడు వారాలు, శ్రీలంకలో పదిహేనేళ్లు

ఆ రుజువు 1965లో వచ్చింది. డెన్మార్క్‌లోని ఆర్హస్ దంతవైద్య కళాశాలలో హరాల్డ్ లోయె బృందం ఆరోగ్యమైన చిగుళ్లున్న 12 మందిని పళ్లు తోముకోవడం ఆపేయమంది. వాళ్లలో ఎక్కువమంది దంతవైద్య విద్యార్థులే. 10 నుంచి 21 రోజుల్లో పన్నెండుమందికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోముకోవడం మొదలుపెట్టాక సుమారు వారంలో అందరి చిగుళ్లూ మామూలయ్యాయి. పాచి పేరుకుంటే వాపు వస్తుంది, తీస్తే పోతుంది. వయసు, ఆహారం, విటమిన్ల లోపం అంటూ అప్పటిదాకా సాగిన వాదాలను ఇంత చిన్న ప్రయోగం పక్కకు నెట్టింది.

మరి వాపు వచ్చిన ప్రతివాళ్ల ఎముకా కరుగుతుందా? ఈ ప్రశ్నకు జవాబు శ్రీలంక తేయాకు తోటల్లో దొరికింది. దంతవైద్యం ఎన్నడూ అందని, పళ్లు శుభ్రంగా తోముకునే అలవాటు లేని 480 మంది పురుష కార్మికుల నోళ్లను లోయె బృందం 1970 నుంచి 1985 దాకా పదేపదే పరీక్షించింది. అందరి పళ్లమీదా పాచి, గార విపరీతం. అందరికీ చిగుళ్ల వాపు ఉంది. ఎముక నష్టం మాత్రం ఒకేలా లేదు. సుమారు 8 శాతం మందిలో జబ్బు వేగంగా ముదిరింది, 81 శాతం మందిలో ఓ మోస్తరుగా సాగింది, 11 శాతం మందిలో వాపు దగ్గరే ఆగిపోయింది. 35 ఏళ్ల వయసుకు మొదటి వర్గంలో పంటికి పట్టు సగటున 9 మిల్లీమీటర్లు, రెండో వర్గంలో 4 మిల్లీమీటర్లు తగ్గితే, మూడో వర్గంలో ఒక మిల్లీమీటరు కూడా తగ్గలేదు. ఈనాడు ప్రపంచమంతా చదువుకునే పాఠం ఆ కూలీల నోళ్లనుంచి వచ్చింది. వాళ్లకు అందని వైద్యం గురించి మనం నేర్చుకున్నది వాళ్ల నష్టం నుంచేనన్నది మరవకూడదు.

ఈ రెండు అధ్యయనాలనూ కలిపి చదవాలి. పాచి లేనిదే జబ్బు లేదు. కానీ పాచి ఒక్కటే జబ్బు తీవ్రతను నిర్ణయించదు. దానికి ఎదురుతిరిగే శరీరం ఎలాంటిదన్నదే మిగతా కథ. 1990ల చివర సిగ్మండ్ సోక్రాన్‌స్కీ బృందం లోతైన పాకెట్లలో కలిసికట్టుగా కనబడే మూడు బాక్టీరియాలను గుర్తించింది. వాటిలో పోర్ఫిరోమొనాస్ జింజివాలిస్ కొద్ది సంఖ్యలో ఉన్నా చుట్టూ ఉన్న మిగతా జీవులను కూడా హానికరంగా మార్చగలదని ఆ తరువాతి పరిశోధనలు చెప్పాయి. అయితే ఒక క్రిమిని చంపే మందుతో ఈ జబ్బు కుదరకపోవడానికి కారణం కూడా అదే. శత్రువు ఒక జీవి కాదు, పొరగా బతికే ఒక సమూహం.

ఎవరికి ముప్పు ఎక్కువ

ముదిరే జబ్బుకు దారితీసే వాటిలో పొగాకుది మొదటి స్థానం. అమెరికా జాతీయ ఆరోగ్య సర్వే ఆధారంగా 2000లో వచ్చిన విశ్లేషణలో పొగతాగేవాళ్లకు పెరియోడాంటైటిస్ వచ్చే అవకాశం ఎన్నడూ తాగనివాళ్లకంటే దాదాపు నాలుగు రెట్లు ఉన్నట్టు తేలింది. అక్కడి కేసుల్లో సగానికి పైగా పొగాకు ఖాతాలోనే పడ్డాయి. మానేసి పదకొండేళ్లు దాటినవాళ్లలో ఆ తేడా దాదాపు చెరిగిపోయింది. పొగాకు చేసే మరో మోసం ఇంకా ప్రమాదకరం. అది చిగురులో రక్తప్రసారాన్ని తగ్గించి, రక్తం కారడాన్ని అణచిపెడుతుంది. పైకి చిగురు గట్టిగా, పొడిగా కనబడుతుంది, లోపల ఎముక కరుగుతూనే ఉంటుంది. అందుకే పొగతాగేవాళ్లు రక్తం రావడం లేదన్న ధీమాతో ఉండకూడదు. మానేసిన కొత్తలో రక్తం కనబడితే అది చిగురు మళ్లీ స్పందిస్తోందనడానికి గుర్తు. భయపడి తిరిగి మొదలుపెట్టొద్దు.

2016-17 జాతీయ పొగాకు సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. బీడీ, చుట్టలకంటే నమిలే పొగాకుదే పెద్ద వాటా. ఖైనీ, గుట్కా దవడ పక్కన పెట్టుకున్న చోట చిగురు కిందికి జారి, పంటి వేరు బయటపడుతుంది. ఉత్తరాంధ్రలో చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకునే అడ్డపొగ అంగిలి క్యాన్సర్‌కు కారణమని వైద్యులు దశాబ్దాల క్రితమే నమోదు చేశారు. పొగాకు కలిపిన పళ్లపొడితో తోముకునేవాళ్లు పంటినొప్పి తగ్గుతోందని నమ్ముతారు. తగ్గేది నొప్పి తెలియడం మాత్రమే.

రెండోది మధుమేహం. షుగర్ అదుపులో లేనివాళ్లలో తెల్లరక్తకణాల పని మందగిస్తుంది, చిన్న రక్తనాళాలు దెబ్బతింటాయి, గాయం మానడం ఆలస్యమవుతుంది. అమెరికాలో అరిజోనాలోని పీమా తెగవారిపై జరిగిన అధ్యయనాల్లో మధుమేహులకు పెరియోడాంటైటిస్ ముప్పు సుమారు మూడు రెట్లుగా లెక్కతేలింది. కళ్లు, మూత్రపిండాలు, నరాలు వంటి వాటికి వచ్చే చిక్కుల సరసన చిగుళ్ల వ్యాధిని మధుమేహపు ఆరో ఉపద్రవంగా చేర్చాలని 1993లో లోయె వాదించాడు. భారతీయ వైద్య పరిశోధన మండలి మద్దతుతో జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడినప్పుడు దేశంలో మధుమేహుల సంఖ్య పది కోట్లు దాటినట్టు తేలింది. తెలుగిళ్లలో షుగర్ మాత్ర లేని గూడు అరుదైపోయిన కాలం ఇది. ఈ ముప్పు దూరపుది కాదు.

వారసత్వం పాత్రా గట్టిదే. కవలలపై జరిగిన అధ్యయనాలు జబ్బులో వ్యక్తికీ వ్యక్తికీ మధ్య ఉండే తేడాల్లో దాదాపు సగం జన్యువుల వల్ల వస్తాయని అంచనా వేశాయి. అమ్మానాన్నలకు చిన్నవయసులోనే పళ్లు ఊడి ఉంటే పిల్లలు ఇరవైల్లోనే పరీక్ష చేయించుకోవడం మంచిది. గర్భిణుల్లో హార్మోన్ల మార్పు వల్ల కొద్దిపాటి పాచికే చిగుళ్లు బాగా వాస్తాయి. కొన్ని మందులూ చిగుళ్లను ఉబ్బిస్తాయి. మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, అవయవ మార్పిడి తరువాత ఇచ్చే సైక్లోస్పోరిన్, రక్తపోటుకు ఎంతోమంది వేసుకునే అమ్లోడిపిన్ ఆ కోవలోవి. అలా ఉబ్బితే మందు మీకై మీరు ఆపకండి. రాసిన డాక్టరుకు చెబితే మార్చే వీలుంటుంది. చిగుళ్లనుంచి ఆగకుండా రక్తం కారుతూ, ఒంటిమీద కమిలిన మచ్చలు, జ్వరం, నీరసం కూడా ఉంటే రక్తపరీక్ష ఆలస్యం చేయకూడదు. రక్తక్యాన్సర్ కొన్నిసార్లు ముందుగా చిగుళ్లలోనే బయటపడుతుంది.

విటమిన్ సి సంగతి ఇక్కడే తేల్చుకోవాలి. చిగుళ్లనుంచి రక్తం వస్తోందనగానే నారింజపళ్లు తినమనడం మనకు అలవాటు. నావికులను చంపిన స్కర్వీ వ్యాధిలో చిగుళ్లు కుళ్లడం నిజమే, నిమ్మజాతి పళ్లతో అది కుదరడమూ నిజమే. కానీ మన మధ్య కనబడే చిగుళ్ల రక్తానికి అత్యధిక సందర్భాల్లో కారణం పాచి. పండ్లు తినండి, ఒంటికి మంచిది. పాచి మాత్రం వాటితో పోదు.

నోరు, మిగతా శరీరం

చిగుళ్ల వ్యాధికీ ఇతర జబ్బులకూ ఉన్న సంబంధం గురించి గత ముప్పై ఏళ్లలో రాశులకొద్దీ పరిశోధన వచ్చింది. ఇందులో గట్టిగా నిలిచిందేదో, ఆశగా మిగిలిందేదో వేరు చేసి చూడాలి.

మధుమేహంతో ఉన్న సంబంధం రెండువైపులా పనిచేస్తుందన్నది గట్టిగా నిలిచింది. షుగర్ చిగుళ్లను పాడుచేస్తుంది. చిగుళ్లలోని నిరంతర వాపు షుగర్‌ను అదుపు తప్పిస్తుంది. చిగుళ్లకు చికిత్స చేస్తే మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ తగ్గుతుందా అన్నదానిమీద వాదం నడిచింది. 2013లో అమెరికాలో 514 మందిపై జరిగిన పెద్ద ప్రయోగంలో తేడా కనబడలేదు. ఆ ప్రయోగంలో చిగుళ్ల చికిత్సే సరిగ్గా ఫలించలేదని విమర్శకులు అన్నారు. వైద్య పరిశోధనలను కలిపి తూచే కోక్రేన్ సంస్థ 2022లో 35 ప్రయోగాలను సమీక్షించి, మూడు నాలుగు నెలల్లో సుమారు 0.4 శాతం తగ్గుదల ఉంటుందని తేల్చింది. మధుమేహానికి అదనంగా ఇంకో మాత్ర వేసినప్పుడు కొందరిలో వచ్చే ఫలితానికి ఇది మరీ దూరం కాదు.

గుండెజబ్బు విషయంలో జాగ్రత్తగా మాట్లాడాలి. రెండూ ఒకే మనిషిలో ఎక్కువగా కనబడతాయన్నది నిజం. పొగాకు, షుగర్ వంటి ఉమ్మడి కారణాలను లెక్కలోంచి తీసేసినా కొంత సంబంధం మిగులుతుంది. కానీ చిగుళ్లకు వైద్యం చేస్తే గుండెపోటు ఆగుతుందనడానికి రుజువు లేదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో స్పష్టం చేసింది. నెలలు నిండని కాన్పుల సంగతీ అంతే. 1996 నుంచి సంబంధం ఉందన్న అధ్యయనాలు వచ్చాయి. 2006లో వెలువడిన పెద్ద ప్రయోగంలో గర్భిణులకు చిగుళ్ల చికిత్స చేస్తే ముందస్తు కాన్పులు తగ్గలేదు. అయితే ఆ చికిత్స తల్లికీ బిడ్డకూ హాని చేయదని, చిగుళ్లకు మేలు చేస్తుందని అదే ప్రయోగం చూపింది. కడుపుతో ఉన్నవాళ్లు పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లకూడదన్న భయాన్ని వదిలేయడానికి ఇది చాలు. మతిమరుపు వ్యాధికీ చిగుళ్ల బాక్టీరియాకూ ముడిపెడుతూ 2019లో సంచలన పరిశోధన వచ్చింది. ఆ బాక్టీరియా ఎంజైములను అడ్డుకునే మందుపై జరిగిన ప్రయోగం 2021లో ఆశించిన ఫలితం ఇవ్వలేదు.

గుండె కోసమో మెదడు కోసమో చిగుళ్లను కాపాడుకోండని భయపెట్టాల్సిన అవసరం లేదు. నమలగలగడం, నవ్వగలగడం, నోరు వాసన రాకుండా నలుగురిలో మాట్లాడగలగడం వాటికవే చాలినంత పెద్ద కారణాలు.

ఇంట్లో చేయగలిగింది

పాచి రోజూ పుడుతుంది. కాబట్టి రోజూ తీయాలి. న్యూ ఓర్లీన్స్ వైద్యుడు చార్లెస్ బాస్ ఇరవయ్యో శతాబ్దం నడిమిలో చెప్పిన పద్ధతినే నేటికీ నేర్పుతున్నారు. మెత్తటి కుచ్చు ఉన్న బ్రష్‌ను పంటికి ఏటవాలుగా, 45 డిగ్రీల కోణంలో, చిగురు అంచుమీద ఆనించి, చిన్న చిన్న కదలికలతో రుద్దాలి. చాలామంది పళ్ల మధ్యభాగాన్ని తళతళలాడేలా తోమి, జబ్బు మొదలయ్యే అంచును వదిలేస్తారు. లోపలివైపు, ముఖ్యంగా కింది దవడపళ్ల నాలుకవైపు, బ్రష్ తగలనే తగలదు. రెండు నిమిషాలు పడుతుంది. గట్టిగా రుద్దితే శుభ్రత పెరగదు, చిగురు అరిగి కిందికి జారుతుంది.

మనలో చాలామంది తెల్లవారి కాఫీకి ముందు తోముకుంటారు, రాత్రి తోముకోరు. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది. పగలంతా పేరుకున్న పాచి రాత్రంతా కదలకుండా ఉంటుంది. రెండు పూటల్లో ఒకటే కుదిరితే రాత్రిపూటను ఎంచుకోవాలి. రక్తం వస్తోందని ఆ వైపు తోమడం మానేయడం మరో అలవాటు. చేయాల్సింది సరిగ్గా దానికి వ్యతిరేకం. రక్తం వచ్చే చోటే పాచి ఉంది. అక్కడ మెత్తగా, ఓపికగా శుభ్రం చేస్తే వారం పది రోజుల్లో రక్తం తగ్గాలి. తగ్గకపోతే బ్రష్‌కు అందని గారో పాకెట్టో ఉన్నట్టు.

పళ్ల సందుల్లోకి ఏ బ్రష్ కుచ్చూ పూర్తిగా వెళ్లదు. జబ్బు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే. ఫ్లాస్ దారం మేలు చేస్తుందనడానికి ఉన్న ఆధారం బలహీనమని 2016లో పత్రికల్లో పెద్ద చర్చ జరిగింది. 2019లో కోక్రేన్ సమీక్ష బ్రష్‌తోపాటు ఫ్లాస్ గానీ, సందుల్లో దూర్చే చిన్న బ్రష్ గానీ వాడితే చిగుళ్ల వాపు తగ్గవచ్చని, వాటిలో చిన్న బ్రష్‌దే కాస్త పైచేయి కావచ్చని చెప్పింది. సందులు వెడల్పుగా ఉన్నవాళ్లకు చిన్న బ్రష్, బిగుతుగా ఉన్నవాళ్లకు దారం సరిపోతాయి. అగ్గిపుల్ల, గుండుసూది, పిన్నీసు మాత్రం చిగురును గాయపరుస్తాయి. కరెంటు బ్రష్‌ల గురించి 2014 కోక్రేన్ సమీక్ష మూడు నెలలు దాటి వాడినప్పుడు పాచి 21 శాతం, చిగుళ్ల వాపు 11 శాతం ఎక్కువగా తగ్గినట్టు లెక్కించింది. చేతులు సరిగా సహకరించని పెద్దవాళ్లకు అవి నిజంగా ఉపయోగం. మిగతావాళ్లు మామూలు బ్రష్‌తో సరిగ్గా తోముకుంటే చాలు.

మన పాత పద్ధతులనూ ఇదే త్రాసులో తూచాలి. వేపపుల్ల, కానుగపుల్ల, ఉత్తరేణి వేరు నమిలి కుచ్చు చేసి ఓపికగా తోమితే పాచి పోతుంది. అరబ్బు దేశాల మిస్వాక్ పుల్లపై జరిగిన అధ్యయనాల్లో సరిగ్గా వాడినవాళ్లకు బ్రష్‌తో సమానమైన ఫలితం కనబడింది. చిక్కల్లా వెనక దవడపళ్లకూ, లోపలివైపుకూ పుల్ల సరిగా అందకపోవడమే. గట్టిగా అడ్డంగా రాస్తే చిగురు జారడం కూడా ఉంది. ఇటుకపొడి, బొగ్గుపొడి, కచ్చిక బూడిద, ఇసుక పంటిని అరగదీస్తాయి. వీటిని వదిలేయాలి. పుల్లను చీల్చి నాలుక గీసుకోవడం మంచి అలవాటే, వాసన తగ్గిస్తుంది. ఉప్పునీటి పుక్కిలింత వాపును ఉపశమింపజేస్తుంది, గారను తీయలేదు.

1990ల్లో తెలుగు పత్రికల ద్వారా ఇంటింటికీ చేరిన ఆయిల్ పుల్లింగ్ సంగతి చెప్పకుండా ఈ సమీక్ష పూర్తి కాదు. నువ్వులనూనె పుక్కిలింతతో పాచి, చిగుళ్ల వాపు కొంత తగ్గినట్టు చిన్న అధ్యయనాలు ఉన్నాయి. కానీ పాల్గొన్నవాళ్ల సంఖ్య తక్కువ, గడువూ తక్కువ. సకల రోగ నివారిణి అన్న ప్రచారానికి ఆధారం లేదు. ఇష్టమైనవాళ్లు చేయవచ్చు, తోముకోవడానికి బదులుగా మాత్రం కాదు. మౌత్‌వాష్‌లలో క్లోర్‌హెక్సిడిన్‌కు గట్టి ఆధారం ఉంది. 1970లో లోయె, షియోట్ దాన్ని రుజువు చేశారు. ఎక్కువకాలం వాడితే పళ్లమీద గోధుమరంగు మరకలు పడతాయి, నాలుక రుచి మారుతుంది. శస్త్రచికిత్స తరువాతో, బ్రష్ పట్టుకోలేని స్థితిలోనో కొద్దిరోజులకే అది తగును.

డాక్టరు చేయవలసింది

చిగురు పైపైన చూసి జబ్బు తీవ్రత చెప్పలేరు. మిల్లీమీటర్ల గీతలున్న ప్రోబ్ అనే సన్నటి పరికరాన్ని ఒక్కో పంటి చుట్టూ ఆరుచోట్ల మెల్లగా దించి లోతు కొలవాలి. ఎముక ఎంత మిగిలిందో ఎక్స్‌రేలో చూడాలి. 2018లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ వర్గీకరణ జబ్బును తీవ్రతను బట్టి నాలుగు దశలుగా, ముదిరే వేగాన్ని బట్టి మూడు శ్రేణులుగా విభజించింది. రోజుకు పది లేదా అంతకంటే ఎక్కువ సిగరెట్లు తాగేవారినీ, హెచ్‌బీఏ1సీ 7 లేదా అంతకంటే ఎక్కువ ఉన్న మధుమేహులనూ అత్యంత వేగంగా ముదిరే శ్రేణిలో పెట్టారు. కొలతలు తీసినప్పుడు రక్తం రాకపోవడం ఆ చోటు స్థిరంగా ఉందనడానికి నమ్మదగిన గుర్తని 1990లో స్విట్జర్లాండ్ పరిశోధకులు చూపారు. రక్తం వచ్చిన ప్రతిచోటా ఎముక పోతుందని కాదు, కానీ వదిలేయకూడదని అర్థం.

చికిత్స మెట్లు మెట్లుగా ఉంటుంది. ముందుగా గార తీసి, తోముకునే పద్ధతి నేర్పి, పొగాకు మాన్పించి, షుగర్ అదుపులోకి తేవాలి. తరువాత మత్తిచ్చి పాకెట్ల లోపల వేర్లమీది గార శుభ్రం చేయాలి. కొన్ని వారాల తరువాత మళ్లీ కొలవాలి. ఇంకా లోతుగా మిగిలిన చోట్ల చిగురు తెరిచి శుభ్రపరిచే శస్త్రచికిత్స అవసరం కావచ్చు. అనువైన లోపాలున్న కొన్నిచోట్ల ఎముకను కొంతవరకు తిరిగి పెంచే పద్ధతులు 1980ల నుంచి వచ్చాయి. అవి ఎంపిక చేసిన సందర్భాలకే పనికొస్తాయి.

గార తీయిస్తే పళ్లు వదులవుతాయన్న నమ్మకం మనలో బలంగా ఉంది. ఎముక పోయిన పంటిని గార ఒక దిమ్మెలా పట్టి ఉంచుతుంది. అది తీయగానే ఉన్న కదలిక బయటపడుతుంది. వాచిన చిగురు మామూలైనప్పుడు సందులు కనబడతాయి. ఆ నష్టం క్లీనింగ్ చేసింది కాదు, అంతకుముందే జరిగింది. పై పన్ను తీస్తే కంటిచూపు పోతుందన్నది కూడా ఆధారం లేని భయమే. ఇంకోవైపు మందుల షాపులో మెట్రోనిడజోల్ కొని వేసుకుంటే వాపు రెండురోజులు తగ్గుతుంది, గార అలాగే ఉంటుంది, జబ్బు తిరగబెడుతుంది, యాంటీబయాటిక్ మొద్దుబారుతుంది. కొన్ని తీవ్రమైన కేసుల్లో శుభ్రపరచడంతోపాటు యాంటీబయాటిక్ ఇస్తారు. ఒంటరిగా అది చికిత్స కాదు.

ప్రతి ఆరునెలలకూ అందరూ క్లీనింగ్ చేయించుకోవాలా? 2018 కోక్రేన్ సమీక్ష ప్రకారం తీవ్రమైన చిగుళ్ల వ్యాధి లేని, క్రమంగా డాక్టరును కలిసే పెద్దవాళ్లలో మామూలు క్లీనింగ్ వల్ల రెండు మూడేళ్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దీనికి ఎదురుగా స్వీడన్‌లోని కార్ల్‌స్టాడ్ అనుభవం ఉంది. పెర్ ఆక్సెల్సన్, యాన్ లిండే 1972లో మొదలుపెట్టిన కార్యక్రమంలో తోముకునే పద్ధతిని పదేపదే నేర్పుతూ, ఒక్కొక్కరి అవసరాన్ని బట్టి శుభ్రం చేస్తూ ముప్పై ఏళ్లు కనిపెట్టుకుని ఉన్నారు. ఆ ముప్పై ఏళ్లలో ఒక్కో మనిషి కోల్పోయిన పళ్లు సగటున రెండు కూడా లేవు. ఈ రెండింటిలో వైరుధ్యం లేదు. గడియారం చూసి చేసే క్లీనింగ్ కంటే, మనిషి ముప్పును కొలిచి, నేర్పి, వెంటపడి చూసుకునే వైద్యమే ఫలిస్తుంది. ఒకసారి పెరియోడాంటైటిస్ వచ్చినవాళ్లకు మాత్రం మూడు నాలుగు నెలలకోసారి పరీక్ష జీవితాంతం తప్పదు.

వ్యవస్థ బాధ్యత

ఇదంతా చదివి, పాటించగలిగినవాళ్లు ఎంతమంది? దేశంలో దంతవైద్య కళాశాలలు మూడువందలకు పైగా ఉన్నాయి. డాక్టర్లు ఎక్కువగా పట్టణాల్లోనే ఉన్నారు. కూలిపని మానుకుని, బస్సెక్కి వెళ్లి, మూడు నాలుగుసార్లు తిరిగి చికిత్స చేయించుకోవడం పల్లెల్లో అందరికీ సాధ్యం కాదు. ఒక్క రోజులో పని తెమిలేది పన్ను పీకించుకోవడంతోనే. కాబట్టి చాలామంది అదే ఎంచుకుంటారు. 2014లో మొదలైన జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం ప్రభుత్వ ఆస్పత్రుల్లో దంతవైద్యాన్ని బలపరచాలని సంకల్పించింది. ఆ సంకల్పం మండల స్థాయికి పూర్తిగా చేరాలి.

ఖర్చు పెద్దగా లేని మార్పులు కొన్ని ఉన్నాయి. మధుమేహుల పాదాలు, కళ్లు పరీక్షించే ప్రతిచోటా ‘తోముకునేటప్పుడు రక్తం వస్తోందా, పళ్లు కదులుతున్నాయా’ అన్న రెండు ప్రశ్నలు అడగవచ్చు. గర్భిణుల నమోదు కార్డులో చిగుళ్ల పరీక్షకు ఒక గడి చేర్చవచ్చు. అంగన్‌వాడీలో, బడిలో పిల్లలకు చిగురు అంచుమీద తోమడం చేతితో చేయించి నేర్పవచ్చు. ఆశా కార్యకర్తకు ఒక్కరోజు శిక్షణ ఇస్తే గార పట్టిన నోటిని, ఉబ్బిన చిగురును గుర్తుపట్టగలదు. రోగులు తమవంతుగా పళ్ల డాక్టరును పాకెట్ల కొలతలు రాసిమ్మని అడగాలి. బీపీ, షుగర్ అంకెలు గుర్తుపెట్టుకునే మనం చిగుళ్ల లోతులను కూడా గుర్తుపెట్టుకోవచ్చు. ఏటికేడు ఆ అంకెలు పోల్చి చూస్తేనే జబ్బు ఆగిందో, ముదిరిందో తెలుస్తుంది.

నలభై దాటాక పళ్లు ఊడటం వయసు లక్షణమని మన పెద్దలు సరిపెట్టుకున్నారు. వాళ్లకు వేరే దారి కనబడలేదు. శ్రీలంక తోటల్లో ఏమీ చేయకపోతే ఏం జరుగుతుందో తెలిసింది. కార్ల్‌స్టాడ్‌లో శ్రద్ధగా చూసుకుంటే ఏం మిగులుతుందో తెలిసింది. ఈ రెండింటి మధ్య తేడా వయసుది కాదు. రోజుకు నాలుగు నిమిషాల శ్రద్ధ, సమయానికి ఒక కొలత, పొగాకుకు దూరం, షుగర్‌పై అదుపు ఆ తేడాను తెచ్చాయి. ఇవి మనిషి మనిషికీ అందేలా చూడటం ఇంటి బాధ్యత ఎంతో, ప్రభుత్వ బాధ్యతా అంతే. ఉమ్మిలో ఎరుపు కనబడిన రోజే కదిలితే, పన్ను కదిలే రోజు ఎక్కువమందికి రాకుండా చేయవచ్చు.